ఇంకొక్క మ్యాచ్... అంతే!

సినిమా పత్రికలో సంసారం గొడవేమిటని మొహం చిట్లించకండి. ఇది ఆటల గొడవ. ఆటకీ మన వెండితెరకీ చుట్టరికం ఈనాటిది కాదు. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ పాండవీయం'లో ధూళిపాళ గారి శకునిని చూసినవాళ్లని కదిపి చూడండి, ఇప్పటికీ గుప్పిట్లో పాచికలున్నట్టే వేళ్లు ఆడిస్తారు. 1977లో 'దాన వీర శూర కర్ణ'లోనూ ఆ శకుని ఆయనే. ఇక మా పక్క ఊరు విజయనగరంలో కూర్చుని గురజాడ వారు రాసిన 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లో పేకాట సాగుతుంది. 1955లో ఆ నాటకం తెరకెక్కితే సావిత్రి మధురవాణి, ఎన్.టి.రామారావు గిరీశం!

పాచికలైనా, పేకముక్కలైనా ఒక సంగతి మాత్రం మారలేదు. ఆట ఆడేది ఒకళ్లు, పోగొట్టుకునేది ఇంట్లోవాళ్లు. ధర్మరాజు పందెం కాసేముందు ద్రౌపదిని ఒక్కమాట అడిగాడా?

మా ఇంట్లో పాచికలు లేవు. పేకలూ లేవు. ఒక సెల్‌ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎడంపక్క గోడకి చార్జింగు వైరు. ఆ వైరు చివర మా శ్రీవారు!

చస్తే వచ్చేస్తారట!

ఆడనివాళ్ల కోసం ఆ ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒకప్పుడు దాని పేరు పబ్‌జీ. ఇప్పుడు మన దేశంలో ఆడేది బీజీఎంఐ. విమానంలోంచి వందమంది పారాచూట్లు కట్టుకుని ఒక దీవి మీదికి దూకుతారు. ఖాళీ ఇళ్లలో తుపాకులు, తూటాలు ఏరుకుంటారు. ఒకళ్లనొకళ్లు వేటాడుకుంటారు. చుట్టూ గీసిన గిరి కొద్దికొద్దిగా మూసుకొస్తూ అందర్నీ ఒక్కచోటికి తోస్తుంది. చివరికి మిగిలినవాళ్లే విజేతలు. నలుగురు కలిసి ఆడితే దాన్ని స్క్వాడ్ అంటారు. ఒక మ్యాచ్ చివరిదాకా సాగితే అరగంట. గెలిచినవాళ్లకి తెర మీద 'చికెన్ డిన్నర్' అని ప్రకటన వస్తుంది. మా వంటింట్లో మాత్రం నిజం కోడికూర గిన్నెలోనే చల్లారిపోతూ ఉంటుంది!

"ఏమండీ, అన్నం పెట్టేశాను."

"ఇంకొక్క మ్యాచ్... అంతే!"

"ఎంతసేపు?"

"చస్తే వచ్చేస్తాను."

ఈ మాట మొదటిసారి విన్నరోజు మా అత్తయ్యగారు చేతిలో గరిటె కింద పడేశారు. "ఓలమ్మో! దీపాలు పెట్టిన వేళ అవేం మాటల్రా?" అని చెంపలు వేసుకున్నారు. ఆటలో చావడమని ఆవిడకి నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడావిడే గుమ్మంలోంచి కేకేస్తారు, "ఒరే, సచ్చావా లేదా? పప్పు గడ్డకట్టేస్తంది!" అని.

నవ్వు వస్తోంది కదూ? బయటివాళ్లకి నవ్వే వస్తుంది. అందుకే ఈ బాధ ఎవరితోనూ చెప్పుకోలేం. తాగుబోతు మొగుడని చెబితే అయ్యో అంటారు. ఆటల మొగుడని చెబితే, "పోనిద్దూ, ఇంట్లోనే ఉంటున్నాడు కదా!" అంటారు.

ఎదురుచూపుల ఊరు

ఎదురుచూడడం మా విశాఖ ఆడవాళ్లకి కొత్త విద్య కాదు. 1933లో ఇక్కడ హార్బరు తెరిచిన దగ్గర్నుంచీ ఓడల మీద వెళ్లిన మనుషుల కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. ఫిషింగ్ హార్బరులో బోటు ఎక్కిన మనిషి కోసం ఆకాశంకేసి, సముద్రంకేసి మార్చి మార్చి చూసే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక ఉక్కు సంగతి. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో రాష్ట్రమంతా రగిలింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. కొలిమి ఆరకూడదు కనుక అక్కడ మనుషులు వంతులవారీగా మేలుకుంటారు. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు ఏ ఇంటి తలుపు తట్టినా ఇల్లాలికి షిఫ్టుల లెక్క కంఠతా వచ్చు.

అయితే ఆ ఎదురుచూపులకి ఒక గడువుంది. ఓడ ఎక్కినవాడికి దిగే నెల తెలుసు. బోటులో ఐసు ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్ని బట్టి తిరుగు ప్రయాణం తెలుస్తుంది. షిఫ్టు దిగే టైము గోడ గడియారమే చెబుతుంది. మూడడుగుల దూరంలో మంచం మీద కూర్చున్న మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పే గడియారం మాత్రం నాకింతవరకు దొరకలేదు.

మా శ్రీవారిది పోర్టు సరుకు రవాణా చూసే ఒక ప్రైవేటు కొలువు. ఆయనకీ షిఫ్టులే. రాత్రి పదింటికి దిగితే పదకొండుకల్లా ఇల్లు. స్నానం, ఆ తర్వాత దీవి! ఆయన స్క్వాడ్‌లో ఒకాయన గాజువాక, ఇంకొకాయన విజయనగరం, మూడో ఆయన దుబాయి. దుబాయిలో మనకన్నా గంటన్నర వెనక కనుక ఆయన గారికి రాత్రి ఇంకా పండనట్టే లెక్క. ఆ ఒక్క మనిషి కోసం ఇక్కడ మూడు కొంపల్లో దీపాలు వెలుగుతాయి.

అసలు పట్టు ఎక్కడుంది?

పత్రికలకి రాసుకునేదాన్ని కదా, తిట్టుకుంటూ కూర్చోకుండా ఆ ఆట మనిషిని ఎలా పట్టేస్తుందో కొన్నాళ్లు పక్కనే కూర్చుని చూశాను.

మొదటిది, దానికి మధ్యలో ఆగడమంటూ లేదు. మా చిన్నతనంలో టీవీకి తగిలించుకుని ఆడిన మారియో, కాంట్రా ఆటల్లో ఒక మీట నొక్కితే బొమ్మ ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. అన్నం తిని వచ్చి మళ్లీ మొదలెట్టేవాళ్లం. ఇక్కడ అవతల నిజం మనుషులున్నారు. నువ్వు ఆగితే వాళ్లు ఆగరు.

రెండోది, నలుగురిలో ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ మునుగుతారు. అందుకే లేవడమంటే స్నేహితుల్ని వదిలేసి రావడం కింద లెక్క.

మూడోది, గెలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. ప్రతిసారీ గెలిస్తే వారంలో విసుగుపుడుతుంది, ఎప్పుడూ ఓడితే రెండ్రోజుల్లో మానేస్తారు. ఎప్పుడో ఒకసారి తగులుతుంది చూడండి, ఆ 'ఎప్పుడో' అనేదే గాలం.

నాలుగోది హోదా. బ్రాంజ్ నుంచి కాంకరర్ దాకా మెట్లున్నాయి. సీజను మారగానే ఎక్కిన మెట్లు కొన్ని దిగిపోతాయి. మళ్లీ ఎక్కాలి. ఆఫీసులో ఏళ్లతరబడి అదే కుర్చీలో ఉన్న మనిషికి, నెలరోజుల్లో నాలుగు మెట్లు ఎక్కించే చోటు ఎంత తీపిగా ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. చెప్పడానికి కొంచెం మనసు చివుక్కుమంటుంది. ఆ ఆటలో దెబ్బ తగిలి పడిపోయినవాణ్ని 'నాకౌట్' అంటారు. వాడు నేలమీద పాకుతూ ఉంటాడు. స్క్వాడ్‌లో ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని కొన్ని సెకన్లు పట్టి లేపాలి. దాన్నే 'రివైవ్' అంటారు. మా శ్రీవారు ఈ విషయంలో మహా మంచివాడు! తూటాల వానలో కూడా పరుగెత్తుకెళ్లి లేపుతాడు. "ఉండు మావా, వచ్చేశాను, భయపడకు" అంటాడు, ఎంతో ప్రేమగా. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో నాతో మాట్లాడిన గొంతది.

ఒకసారి నాకు జ్వరం నూటమూడు. మంచినీళ్లు అడిగితే ఆ మ్యాచ్ అయ్యాక ఇరవై ఏడు నిమిషాలకి తెచ్చిచ్చారు. గడియారం ఎదురుగానే ఉంది కనుక నాకు లెక్క గుర్తుంది.

సర్కారువారి కత్తెర

"నిషేధిస్తే పీడా పోతుంది" అనేవాళ్లు చాలామంది. ఆ ముచ్చటా తీరింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీతో కలిపి 118 యాప్‌లని నిషేధించింది. మా ఇంట్లో మూడు రోజులు మైలపట్టినట్టుంది. నాలుగోరోజుకి శ్రీవారి చేతిలో వేరే తుపాకుల ఆట! 2021 జూలై 2న ఆ పాత ఆటే బీజీఎంఐ పేరుతో, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. 2022 జూలై 28న దాన్నీ ఆపారు. 2023 మే నెలలో షరతుల మీద తిరిగొచ్చింది. మన సినిమాల్లో చచ్చిపోయాడనుకున్న తమ్ముడు ఇంటర్వెల్ తర్వాత మీసం పెట్టుకుని దిగినట్టు!

ఆ షరతుల్లో ఒకటి వినండి. పద్దెనిమిదేళ్లలోపువాళ్లు రోజుకి మూడు గంటలు మించి ఆడకూడదు. మరి పెద్దవాళ్లు? ఆరు గంటలట! నేను కాగితం మీద లెక్క వేశాను. డ్యూటీ ఎనిమిది గంటలు, రాకపోకలు రెండు, నిద్ర ఏడు, ఆట ఆరు. మొత్తం ఇరవై మూడు. మిగిలిన ఒక్క గంటలో మనిషి స్నానం చెయ్యాలి, తినాలి, అమ్మతో మాట్లాడాలి, బిడ్డని ఎత్తుకోవాలి, పెళ్లాం మొహం చూడాలి!

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. దక్షిణ కొరియాలో 2011లో పదహారేళ్లలోపు పిల్లలకి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు కట్టేశారు. పదేళ్లయ్యాక ఆ చట్టాన్ని ఎత్తేశారు. చైనాలో 2021 నుంచి మైనర్లకి వారానికి మూడు గంటలే. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపారు. 2025 ఆగస్టులో డబ్బులొడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటే చట్టం చేసింది. రమ్మీలో అప్పులపాలైన సంసారాలు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లెవరూ దాన్ని కాదనరు.

కానీ గమనించారా? చట్టం చూసింది ఇద్దర్నే. ఒకరు పసివాడు, రెండోది పైసా. మా శ్రీవారు పసివాడు కాదు. ఆటలో బొమ్మకి చొక్కాలు కొనడానికి ఎప్పుడో మూడు నాలుగొందలు తప్ప డబ్బు తగలేసిందీ లేదు. జీతం ఒకటో తారీకున ఇంటికి వస్తుంది. ఇంట్లోంచి పోతున్నది మనిషి. దానికి ఏ సెక్షను కిందా ఫిర్యాదు ఇవ్వలేం.

జబ్బా? అలవాటా?

ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ విషయం మీద ఒక మాట తేల్చింది. 'గేమింగ్ డిజార్డర్' అనేదాన్ని జబ్బుల పట్టికలో చేర్చడానికి 2019 మేలో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. 2022 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఎక్కువగా ఆడినంతమాత్రాన జబ్బు కాదని అందులోనే ఉంది. మూడు గుర్తులు చూడమంటారు. ఒకటి, ఎప్పుడు మొదలెట్టాలో ఎప్పుడు ఆపాలో చేతిలో లేకపోవడం. రెండు, తిండి, నిద్ర, పని, మనుషులు అన్నిటికన్నా ఆటే ముందుకి రావడం. మూడు, నష్టం కళ్లకి కనబడుతున్నా ఆగకపోవడం. ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగితే అప్పుడు డాక్టరు ఆ పేరు పెడతారు. ఆడేవాళ్లలో కొద్దిమందికే అది వర్తిస్తుందనీ చెబుతారు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే ఇలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. మా ఊళ్లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అయితే ఆ పేరెత్తితే చాలు, "నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తావా?" అని ఇల్లు ఎగిరిపోతుంది. అలాంటప్పుడు 2022 అక్టోబరులో వచ్చిన టెలి-మానస్ ఉంది. 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆడేవాళ్లే చెయ్యనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చేసినా వింటారు.

తెర మీద రెండు కథలు

ఇది సినిమా పత్రిక కనుక రెండు చిత్రాల సంగతి చెప్పి తీరాలి. రెండూ నిజం కథలే, డాక్యుమెంటరీలు.

ఒకటి 2014లో వచ్చిన 'లవ్ చైల్డ్'. దక్షిణ కొరియాలో ఒక జంట. ఇద్దరికీ ఆన్‌లైన్ ఆటే లోకం. ఆ ఆటలో వాళ్లొక బొమ్మ బిడ్డని అల్లారుముద్దుగా పెంచుతుంటే, ఇంట్లో కన్నబిడ్డ తిండిలేక కన్నుమూసింది. 2010లో ఆ వార్త ప్రపంచాన్ని కుదిపేసింది. ఆ చిత్రం గురించి చదివిన రాత్రి లేచి మా పాప మీద దుప్పటి సరిచేశాను.

రెండోది 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన నార్వే చిత్రం, 'ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్'. మాట్స్ స్టీన్ అనే కుర్రాడు కండరాల జబ్బుతో చక్రాల కుర్చీకి అతుక్కుపోయి, రాత్రింబవళ్లు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడేవాడు. 2014లో ఇరవై అయిదేళ్లకే పోయాడు. పాపం, స్నేహితులు లేకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోతుంటే, ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి. ఆ ఆటలో అతను ఎందరికి ఆసరా అయ్యాడో, ఎవరి కన్నీళ్లు తుడిచాడో రాసుకొచ్చారు. అది చూసి నేను ఏడ్చాను. మా శ్రీవారు పక్కనే కూర్చుని, ఫోను బోర్లించిపెట్టి మరీ చూశారు.

"చూశావా, అక్కడా మనుషులే ఉంటారు," అన్నారు.

"ఉంటారు. ఆ అబ్బాయి కాళ్లు కదలక అక్కడికి వెళ్లాడు. మీకేం వచ్చింది?" అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. కాసేపాగి, "నేను తాగను, పేకాడను, గడప దాటను. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. అత్తయ్యగారు కూడా వంతపాడారు. "నిజమేనే అమ్మా. మీ మావయ్య జగదాంబలో సెకండు షో చూసి ఒంటిగంటకి వచ్చేవారు" అని. నిజమే. కాని ఆయన ఒంటిగంటకి వచ్చేవారు కదా! గడప దాటినవాడు తిరిగి గడప తొక్కుతాడు. అసలు దాటనివాణ్ని ఎక్కడికెళ్లి పిలుచుకు రావాలి?

పాప పిలిచిన తీరు

మా పాపకి ఆరేళ్లు. ఒక ఆదివారం సాయంత్రం అది హాల్లో నేలమీద బోర్లా పడుకుని మెల్లగా పాకుతూ తండ్రి మంచం దగ్గరికి వచ్చింది. నేనింకా ఏదో ఆటనుకున్నాను.

"నాన్నా, నేను నాకౌట్ అయిపోయాను. రివైవ్ చెయ్యి."

ఆయన వినలేదు. చెవుల్లో తుపాకుల మోత. అది ఆయన కాలివేలు పట్టుకుని ఊపింది. "నాన్నా! జోన్ వచ్చేస్తోంది. నేను చచ్చిపోతాను!"

ఇయర్‌ఫోను తీశారు. కింద చూశారు. ఫోను మంచం మీద పడేసి కిందికి దిగి దాని పక్కన కూర్చున్నారు. దాని వీపు మీద చెయ్యివేసి, "ఉండమ్మా, వచ్చేశాను" అన్నారు. మంచం మీద ఫోన్లోంచి గాజువాక, విజయనగరం, దుబాయి కలిసి పెడుతున్న కేకలు సన్నగా వినబడుతూనే ఉన్నాయి. ఎవరూ పలకలేదు.

ఆ రోజుతో ఆయన ఆట మానేశారని రాస్తే మీకు సినిమాలాగ బాగుంటుంది. మానలేదు. ఆ రాత్రి మాత్రం మొదటిసారి ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికొచ్చాం. వారానికి మూడు రాత్రులు ఆయన దీవిలో ఉండొచ్చు, నేను పలకరించను. మిగతా నాలుగు రాత్రులు ఫోను వంటింటి అలమరలో ఉంటుంది. మ్యాచ్ మధ్యలో లేవమని నేనడగను. ఎన్ని మ్యాచ్‌లో ఆయన ముందే చెబుతారు. జ్వరమొచ్చినా, పాప పిలిచినా ఏ మ్యాచూ లెక్కలోకి రాదు. ఆదివారం సాయంత్రం బీచిరోడ్డు. ఈ ఒప్పందానికి ఇప్పటికి ఏడు నెలలు. రెండుసార్లు తప్పారు. ఒకసారి నేను అలమర తాళం దాచేశాను, ఒకసారి ఆయనే తెచ్చి చేతికిచ్చారు. గాజువాక ఆయన శ్రీమతి ఈమధ్యే ఫోను చేసింది. "వదినా, ఆ మూడు రాత్రులేవో చెప్పండి, మా ఇంట్లోనూ అవే పెట్టుకుంటాం" అని!

మన పాత సినిమాలకి చివర్న 'శుభం' అని అక్షరాలు పడేవి. అవి కనబడగానే జనం చెప్పులు వెతుక్కుని, పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లదారి పట్టేవారు. ఎంత గొప్ప బొమ్మయినా మనిషిని ఇంటికి పంపేది. ఈ ఆట తయారుచేసినవాళ్లు దానికి శుభం కార్డు పెట్టలేదు, పెట్టరు కూడా. పెడితే వాళ్ల వ్యాపారం సాగదు. కనుక ఆ కార్డు ఎవరింట్లో వాళ్లే రాసుకోవాలి. మా ఇంట్లో రాత్రి పదకొండున్నరకి అనుకున్నాం.

మీ ఇంట్లో ఎన్నింటికి?